ఉధ్నా: వేసవి పని, సొంతూరి ప్రయాణం.. టీనేజ్ పిల్లలకు ఆత్మవిశ్వాసం ఇస్తాయా? చట్టం ఏం చెబుతోంది?

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న ఉధ్నా జంక్షన్‌లో రైలు పట్టాలు రెండుగా చీలుతాయి. ఒక దారి ముంబయికి వెళ్తుంది. రెండోది తపతి లోయ గుండా నందుర్బార్, జల్‌గావ్ వైపు సాగుతుంది. వరంగల్ వైపు వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ పట్టేది ఈ రెండో దారినే.

మే నెల వచ్చిందంటే ఇక్కడి తెలుగు ఇళ్లలో మాట కూడా ఇలాగే రెండుగా చీలుతుంది. "పదో తరగతి అయిపోయింది కదా, ఖాళీగ తిరుగుడు ఎందుకు? మార్కెట్లో ఏదన్న పనిలో పెడితే నాలుగు పైసలు వస్తయ్, లోకం తెలుస్తది" అని తండ్రి అంటారు. "ఇప్పటినుంచే పనికి అలవాటైతే మళ్లీ పుస్తకం ముట్టడు" అని తల్లి భయం. "వాణ్ణి ఊరికి పంపండి, తాతను చూసొస్తాడు" అని నానమ్మ కోరిక.

ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. సెలవుల్లో చేసిన చిన్న పని, పెద్దవాళ్ల చెయ్యి వదిలి చేసిన ప్రయాణం కొందరు పిల్లలను నెల రోజుల్లోనే మార్చేస్తాయి. షాపులో నోరు విప్పడానికి జంకినవాడు జూన్‌లో బడికి తిరిగి వెళ్లేసరికి టీచర్‌తో కళ్లలోకి చూసి మాట్లాడతాడు. అదే పని, కొంచెం గీత దాటితే, చదువుకు చివరి మెట్టు అవుతుంది.

ఈ గీత ఎక్కడుంది? ధైర్యం అసలు ఎలా పెరుగుతుంది? చట్టం ఏ పనిని అనుమతిస్తుంది, ఏది వద్దంటుంది?

ఉధ్నాలో తెలుగువారు ఎందుకున్నారు?

తెలంగాణలో 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అనే మాట ఉంది. పల్లె వదిలి బతకడానికి పోయే మూడు దారులు అవి. నేత కుటుంబాలకు మాత్రం ఇంకో మూడు దారులు కూడా తెలుసు. షోలాపూర్, భివండి, సూరత్.

ఉమ్మడి కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి పద్మశాలి కుటుంబాలు తరాల క్రితమే సూరత్ దారి పట్టాయి. చేతి మగ్గం కుదేలైన చోట నుంచి మరమగ్గం ఉన్న చోటికి వచ్చాయి. సిరిసిల్లలో 'సాంచా' అని పిలిచే ఆ మరమగ్గమే ఇక్కడా అన్నం పెట్టింది. ఉధ్నా, లింబాయత్, డిండోలి, పర్వత్ పాటియా ప్రాంతాల్లో ఈ కుటుంబాలు ఎక్కువగా కనిపిస్తాయి. సూరత్ మున్సిపల్ కార్పొరేషన్ నడిపే బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌లతో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి కారణం వీళ్లే.

అంటే ఇక్కడ పెరిగే టీనేజ్ పిల్లలకు కనీసం మూడు భాషల్లో బతుకు ఉంటుంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసుల్లో, సేఠ్‌ల దగ్గర గుజరాతీ. 1 నుంచి 8వ తరగతి వరకు అన్ని బడుల్లో గుజరాతీ తప్పనిసరి చేస్తూ గుజరాత్ ప్రభుత్వం 2023లో చట్టం తెచ్చింది. అయినా పాఠంలో నేర్చుకున్న గుజరాతీకి, బేరం ఆడే గుజరాతీకి తేడా చాలా ఉంటుంది.

ఊరికి వెళ్తే 'సూరత్ పోరడు' అంటారు. సూరత్‌లో 'తెలుగువాడు' అంటారు. రెండు చోట్లా కాస్త బయటివాడిగా ఉండే పిల్లవాడికి, 'నాకు ఈ లోకంలో పని జరిపించుకోవడం వచ్చు' అన్న నమ్మకం అందరికన్నా ఎక్కువ అవసరం.

సెలవుల్లో ఏం పని దొరుకుతుంది?

గుజరాత్ బడులకు వేసవి సెలవులు మే నుంచి జూన్ వరకు 35 రోజులు ఉంటాయి. ఉధ్నా నుంచి రింగ్ రోడ్డు టెక్స్‌టైల్ మార్కెట్లు దగ్గరే. ఉధ్నా దర్వాజా నుంచి సచిన్ వైపు బీఆర్‌టీఎస్ బస్సులు 2014 నుంచి తిరుగుతున్నాయి. పని వెతుక్కోవడానికి పెద్దగా తిరగాల్సిన అవసరం లేదు.

సూరత్ బట్ట ఒక చోట పుట్టి ఒక చోట ఆగదు. మగ్గం మీద నేసిన రంగు వేయని బట్టను 'గ్రే' అంటారు. అది రంగులు, ప్రింటింగ్ వేసే మిల్లుకు వెళ్తుంది. అక్కడి నుంచి మార్కెట్‌కు, మార్కెట్ నుంచి ఇళ్లకు లేసు, రాళ్లు, ఎంబ్రాయిడరీ పనికి, మళ్లీ మార్కెట్‌కు వచ్చి మడతపెట్టి, పెట్టెల్లో పెట్టి, పార్సిల్ అయ్యి దేశమంతా పోతుంది.

ఈ గొలుసులో టీనేజ్ పిల్లలు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. చీరలు మడతపెట్టడం, డిజైన్ నంబర్లు సరిచూడటం, స్టాకు లెక్క రాయడం, కొనడానికి వచ్చినవాళ్లకు చీరలు తెరిచి చూపించడం, చీరల ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపడం, బిల్లులు కంప్యూటర్‌లోకి ఎక్కించడం. తెలుగు వచ్చిన పిల్లలకు ఒక అదనపు విలువ కూడా ఉంది. ఆంధ్ర, తెలంగాణ నుంచి చీరలు కొనడానికి వచ్చే వ్యాపారులతో వాళ్ల భాషలోనే మాట్లాడగలరు.

అమ్మాయిల పని ఎక్కువగా ఇంట్లోనే ఉంటుంది. చీరలకు రాళ్లు అంటించడం, దారాలు కత్తిరించడం, లేసు కుట్టడం. పీసుకు ఇంత అని లెక్క. చేసేది అమ్మాయి అయినా డబ్బు తల్లి చేతికి వస్తుంది, పేరు ఎక్కడా ఉండదు. ఎంత చేసినా 'ఇంట్లో ఊరికే కూర్చుంది' అనే అంటారు. ధైర్యం పెరగడం గురించి మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా చాలా ముఖ్యం.

ఆత్మవిశ్వాసం ఎలా పెరుగుతుంది?

'ధైర్యంగా ఉండు' అని చెబితే ఎవరికీ ధైర్యం రాదు. ఈ విషయాన్ని శాస్త్రీయంగా వివరించినవారిలో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా ముఖ్యుడు. ఒక పని తాను చేయగలనని మనిషికి కలిగే నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందని ఆయన 1977లో ప్రతిపాదించారు.

మొదటిది, అన్నిటికన్నా బలమైనది, స్వయంగా చేసి నెగ్గడం. కష్టమైన పనిని ఒకసారి సొంతంగా పూర్తి చేసిన అనుభవాన్ని ఏ పొగడ్తా భర్తీ చేయలేదు. మొదటి రోజు పదిహేను చీరల లెక్క తప్పిన పిల్లవాడు పదో రోజున రెండు వందల చీరల లెక్క తప్పకుండా అప్పజెబితే, ఆ నమ్మకం అతని సొంతం.

రెండోది, తనలాంటివాళ్లు చేయడం చూడటం. సేఠ్‌ను చూసి పిల్లవాడు 'నేనూ అలా అవుతాను' అనుకోవడం కష్టం. నిరుడు ఇదే షాపులో పని నేర్చుకున్న పక్కింటి అన్నను చూస్తే 'వాడు చేయగా లేనిది నాకేం' అనిపిస్తుంది.

మూడోది, నమ్మకం ఉన్న పెద్దలు చెప్పే మాట. అయితే ఆ మాట నిజమై ఉండాలి. పని పాడుచేసినా 'భలే చేశావు' అంటే పిల్లలు పసిగట్టేస్తారు. 'లెక్క బాగా రాశావు, కానీ డిజైన్ నంబరు రెండుసార్లు చూసుకో' అన్న మాట పనిచేస్తుంది.

నాలుగోది, శరీరం చెప్పే మాట. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే గుండె దడదడలాడటం, అరచేతులు చెమర్చడం సహజం. దాన్ని 'నాకు చేతకాదు' అని అర్థం చేసుకునేవాడు వెనక్కి తగ్గుతాడు. 'కొత్త కదా, కాసేపట్లో తగ్గుతుంది' అని అనుకోగలిగినవాడు ముందుకు వెళ్తాడు. నాలుగుసార్లు తగ్గడం చూశాక ఐదోసారి దడ వచ్చినా పట్టించుకోడు.

అలసట కూడా ఈ నాలుగో దారిలోకే వస్తుంది. నిద్ర లేక, ఎండకు సొమ్మసిల్లి పనిచేసే పిల్లవాడికి శరీరం రోజూ 'నీవల్ల కాదు' అనే చెబుతుంది. అందుకే ఎంత ఎక్కువ పనిచేస్తే అంత ధైర్యం వస్తుందనుకోవడం పొరపాటు.

పరిశోధనలు ఏం తేల్చాయి?

వేసవి ఉద్యోగాలపై పేరున్న అధ్యయనాల్లో ఒకటి అమెరికాలోని షికాగోలో జరిగింది. హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల హైస్కూళ్లలో చదివే 1,634 మంది విద్యార్థులను తీసుకుని, లాటరీ పద్ధతిలో కొందరికి 2012 వేసవిలో 8 వారాల పార్ట్‌టైమ్ ఉద్యోగం ఇచ్చారు. వారానికి 25 గంటల పని, చట్టబద్ధమైన కనీస వేతనం, సలహా చెప్పడానికి ఒక పెద్ద మనిషి. ఆ తర్వాత 16 నెలల్లో, ఉద్యోగం దక్కని వారితో పోలిస్తే వీరిలో హింసాత్మక నేరాల అరెస్టులు 43 శాతం తక్కువగా ఉన్నాయి. సారా హెల్లర్ చేసిన ఈ అధ్యయనం 2014లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. పని ముగిశాక కూడా దాని ప్రభావం కొనసాగిందన్నది ఇందులో గమనించాల్సిన విషయం.

అయితే వేసవి పని అన్నిటికీ మందు కాదు. న్యూయార్క్ నగర వేసవి ఉద్యోగాల పథకంపై 2016లో వెలువడిన అధ్యయనంలో, ఆ పని చేసిన పిల్లల కాలేజీ చేరికల్లో గానీ, తర్వాతి సంవత్సరాల సంపాదనలో గానీ మెరుగుదల కనిపించలేదు. జైలుకు వెళ్లడం, అకాల మరణం మాత్రం తగ్గాయి. అంటే వేసవి పనితో పెద్ద ఉద్యోగాలు వచ్చేస్తాయని ఆశపడటానికి లేదు. పిల్లలు దారి తప్పకుండా నిలబడటానికి అది సాయపడొచ్చు.

మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్‌లో 1988లో మొదలైన మరో దీర్ఘకాలిక అధ్యయనం గంటల సంగతి తేల్చింది. జెయిలన్ మోర్టిమర్ నడిపిన ఆ పరిశోధనలో, వారానికి 20 గంటలకు మించకుండా నిలకడగా పనిచేసిన విద్యార్థులు చదువులో తర్వాత కూడా బాగానే సాగారు.

షికాగో, సెయింట్ పాల్ పరిస్థితులు వేరు, ఉధ్నా వేరు. అక్కడ పని ఒక అదనపు అనుభవం. ఇక్కడ చాలా ఇళ్లలో ఆ డబ్బుతో కిరాయి కట్టాలి. కానీ ఒక్క సూత్రం మాత్రం ఎక్కడైనా వర్తిస్తుంది. పని తక్కువ గంటలు ఉండాలి, దానికి ముగింపు తేదీ ఉండాలి, మంచి చెడు చెప్పే పెద్ద దిక్కు ఉండాలి.

చట్టం ఏం చెబుతోంది?

బాల కార్మిక నిషేధ, నియంత్రణ చట్టం 1986లో వచ్చింది. 2016లో దాన్ని గట్టిగా సవరించారు. ఆ సవరణ తర్వాత వయసును బట్టి రెండు నియమాలు ఉన్నాయి.

14 ఏళ్లు నిండని పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. దీనికి ముఖ్యమైన మినహాయింపు సొంత కుటుంబ పని. బడి అయ్యాక, లేదా సెలవుల్లో, ప్రమాదం లేని కుటుంబ పనిలో సాయం చేయవచ్చు. కుటుంబం అంటే ఎవరో కూడా చట్టం చెప్పింది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, పెద్దమ్మ, పిన్ని. 'మా ఊరివాడు', 'మా కులపాయన', 'వరసకు మామ' ఈ జాబితాలో రారు.

14 నిండి 18 నిండని వారిని చట్టం కౌమారులుగా చూస్తుంది. గనులు, మండే, పేలే పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియల్లో వీరిని పెట్టుకోవడం నేరం. మిగతా పనుల్లో పెట్టుకోవచ్చు గానీ షరతులు ఉన్నాయి.

ఒకేసారి మూడు గంటలకు మించి పని చేయించకూడదు. ఆ తర్వాత కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి. విశ్రాంతి, ఎదురుచూపు అన్నీ కలిపి రోజు మొత్తం ఆరు గంటలు దాటకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు పని నిషేధం. ఓవర్‌టైమ్ నిషేధం. ఒకే రోజు రెండు చోట్ల పని నిషేధం. వారానికి ఒక రోజు పూర్తి సెలవు ఇవ్వాలి. యజమాని ఈ పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, పని గంటలతో రిజిస్టరు ఉంచాలి.

ఈ నియమాలను మరమగ్గం షెడ్డు పక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. సూరత్ సాంచాలు 12 గంటల షిఫ్టుల మీద నడుస్తాయి. ఆ షిఫ్టులో కూర్చున్న పదహారేళ్ల పిల్లవాడు, పక్కన తండ్రే ఉన్నా, గంటల లెక్కలోనే చట్టాన్ని దాటేసినట్టు. చెవులు దిబ్బళ్లు పడే మోత, గాలిలో నుసి, తిరిగే బెల్టుల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. రంగుల మిల్లులో బాయిలర్లు, రసాయనాలు ఉంటాయి. నేర్చుకోవడానికైనా సరే, అవి పిల్లలు ఉండాల్సిన చోట్లు కావు.

నిబంధనలకు విరుద్ధంగా పిల్లలను పనిలో పెట్టుకున్న యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదా 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి చోట పిల్లలు చిక్కుకుంటే 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

నేర్చుకోవడానికి సరైన దారులూ ఉన్నాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 14 ఏళ్లు నిండినవారు ప్రమాదం లేని వృత్తుల్లో అప్రెంటిస్‌గా చేరవచ్చు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 12వ తరగతి పిల్లలకు వృత్తి పనుల్లో ఇంటర్న్‌షిప్‌లు ఉండాలని, అవి సెలవుల్లో కూడా ఉండవచ్చని చెప్పింది. అంటే సెలవుల్లో పని నేర్చుకోవడం తప్పు అని ప్రభుత్వం అనడం లేదు. ఆ పని చదువులో భాగంగా ఉండాలంటోంది.

లెక్క వేసి చూస్తే..

చట్టం ఇచ్చిన ఆరు గంటల్లో గంట విశ్రాంతి తీసేస్తే అసలు పని రోజుకు 5 గంటలు. 35 రోజుల సెలవుల్లో పది రోజులు ఊరి ప్రయాణానికి, ఐదు రోజులు వారాంతపు సెలవులకు పోతే మిగిలేవి 20 రోజులు. అంటే 100 గంటలు.

వంద గంటల్లో ఎవరూ గొప్ప పనివాళ్లు కారు. కానీ ఒక కొత్త చోటికి వేళకు వెళ్లడం, తెలియనిది అడగడం, తప్పు చేస్తే ఒప్పుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, 'రేపు రాలేను' అని ముందే చెప్పడం నేర్చుకోవడానికి అది చాలు. బడి నేర్పలేని పాఠాలు సాధారణంగా ఇవే.

డబ్బు విషయంలో ఒక చిన్న జాగ్రత్త పెద్ద తేడా తెస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు అనుమతిస్తోంది. జీతం ఆ ఖాతాలో పడితే అది ఎవరి కష్టమో అందరికీ తెలుస్తుంది. ఇంటి ఖర్చుకు అందులోంచి ఇవ్వాల్సి వచ్చినా, పిల్లలే తీసి ఇస్తే అది వారి సాయం అవుతుంది. ఇంట్లో రాళ్లు అంటించే అమ్మాయికి ఇది మరీ అవసరం. పీసుల లెక్క ఆమె నోటుపుస్తకంలో, డబ్బు ఆమె ఖాతాలో ఉంటే 'ఊరికే కూర్చుంది' అనే మాట ఇక ఎవరూ అనలేరు.

ప్రయాణం ఏం నేర్పుతుంది?

సూరత్ నుంచి తెలంగాణ పల్లెలకు రోడ్డు మీద వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. వేసవిలో, దసరాకు, పెళ్లిళ్లకు ప్రైవేటు బస్సులు నిండిపోతాయి. 53వ నంబరు జాతీయ రహదారి మీద సోన్‌గఢ్, నవాపూర్ దాటి ధూళే చేరి, అక్కడి నుంచి ఛత్రపతి సంభాజీనగర్, జాల్నా, నాందేడ్ మీదుగా నిజామాబాద్ వైపు రావడం ఒక దారి.

ఆ దారి మొత్తం ఒక పాఠమే. మొదట బోర్డుల మీద తలకట్టు గీత లేని గుజరాతీ అక్షరాలు. నవాపూర్ దాటగానే గీత కింద వేలాడే మరాఠీ. తెల్లవారేసరికి గుండ్రటి తెలుగు. బయల్దేరిన చోట పడమరకు పారి అరేబియా సముద్రంలో కలిసే తపతి. నాందేడ్ దగ్గర తూర్పుకు పారి బంగాళాఖాతం చేరే గోదావరి. భూగోళం పుస్తకంలో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన విషయం కిటికీలోంచి కనిపిస్తుంది.

అయితే అమ్మ ఒళ్లో తల పెట్టి నిద్రపోతూ వెళ్లిన ప్రయాణానికి, బాధ్యత మోస్తూ వెళ్లిన ప్రయాణానికి తేడా ఉంది. బండూరా చెప్పిన మొదటి దారి ఇక్కడా పనిచేస్తుంది. టికెట్ తానే తీయాలి. బస్సు ఎక్కడ ఆగుతుందో తానే కనుక్కోవాలి. ధాబా దగ్గర పది నిమిషాలే అంటే చెల్లెలికి తినిపించి, సీసాలో నీళ్లు నింపుకుని, బస్సు కదిలేలోపు వచ్చి కూర్చోవాలి. తెల్లవారుజామున నాలుగింటికి దిగాల్సిన ఊరు వస్తే తానే లేవాలి. ఇవన్నీ చిన్న పనులే. కానీ ఏ ఒక్కటి తప్పినా ఫలితం వెంటనే తెలుస్తుంది, కాబట్టే అవి నేర్పుతాయి.

వంతులవారీగా నేర్పడం మంచిది. ఒక ఏడాది అందరూ కలిసి వెళ్తున్నప్పుడే టికెట్లు, సామాను, లెక్క పిల్లవాడికి అప్పగించి పెద్దలు పక్కన ఉండాలి. మరుసటి ఏడాది బంధువుల కుటుంబంతో పంపాలి. ఆ తర్వాతే ఒంటరిగా. అమ్మాయిలకూ ఇదే క్రమం. 'ఆడపిల్ల కదా' అని టికెట్ కూడా తీయనివ్వకపోతే, కాలేజీ కోసం ఊరు వదలాల్సిన రోజున ఆమె ఒక్కసారిగా అన్నీ నేర్చుకోవాల్సి వస్తుంది.

రైలు దారీ ఉంది. నవజీవన్ ఎక్స్‌ప్రెస్ సూరత్ నుంచి భుసావల్, వార్ధా, బల్లార్షా మీదుగా మంచిర్యాల, రామగుండం, వరంగల్ చేరుతుంది. 2025 సెప్టెంబరులో మొదలైన బ్రహ్మపూర్-ఉధ్నా అమృత్ భారత్ ఎక్స్‌ప్రెస్ పలాస, శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం ప్రాంతాలను నేరుగా ఉధ్నాతో కలిపింది. మొదటిసారి ఒంటరిగా వెళ్లే పిల్లలకు బస్సుకన్నా రైలు నయం. తోటి ప్రయాణికులు ఎక్కువ, ఆగే చోట్లు ముందే తెలుసు, ఇబ్బంది వస్తే 139కి ఫోన్ చేయవచ్చు.

ధైర్యం అంటే తెగింపు కాదు

ఈ వయసులో ధైర్యానికి, తెగింపుకు మధ్య గోడ చాలా పలుచన. బండి తాళం అందుకే ఇంట్లో పెద్ద గొడవ. గేర్లు లేని, 50 సీసీలోపు బండికి 16 ఏళ్లకు లైసెన్సు ఇస్తారు. మిగతా బండ్లకు 18 నిండాలి. 2019 సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే, సంరక్షకుడికి లేదా బండి యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. సేఠ్ పార్సిల్ ఇచ్చి 'నా స్కూటర్ తీసుకుపో' అంటే 'నాకు లైసెన్సు లేదు సేఠ్, ఆటోలో తీసుకెళ్తాను' అని చెప్పగలగడం కూడా ధైర్యమే. బహుశా అన్నిటికన్నా కష్టమైన ధైర్యం అదే.

పిల్లలు ఎక్కడికి వెళ్తున్నా ముందు చూడాల్సింది బయటికి వచ్చే దారి. 2019 మే 24న సూరత్‌లోని సర్థాణా ప్రాంతంలో తక్షశిలా ఆర్కేడ్ భవనంలో మంటలు చెలరేగి 22 మంది విద్యార్థులు చనిపోయారు. వాళ్లు పనికి వెళ్లినవాళ్లు కాదు. వేసవి సెలవుల్లో పై అంతస్తులోని కోచింగ్ క్లాసుకు వెళ్లినవాళ్లు. 2025 అక్టోబరులో కర్నూలు జిల్లాలో హైదరాబాద్-బెంగళూరు ప్రైవేటు బస్సు తగలబడినప్పుడు కూడా నిద్రలో ఉన్నవాళ్లకు బయటపడే దారి దొరకలేదు.

అందుకే పనికి పంపే ముందు తల్లిదండ్రులు ఒకసారి ఆ చోటు చూసి రావాలి. మెట్లు ఎన్ని వైపుల ఉన్నాయి? దారిలో పార్సిళ్లు పేర్చారా? బస్సు ఎక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో పిల్లలే చూసి చెప్పేలా అలవాటు చేయాలి. ఇది భయపెట్టడం కాదు. చుట్టూ ఏముందో తెలిసినవాడే కుదురుగా కూర్చోగలడు.

గీత దాటిందని ఎలా తెలుస్తుంది?

కొన్ని గుర్తులు స్పష్టంగా ఉంటాయి. పని నుంచి వచ్చిన పిల్లలు అలిసిపోయినా కబుర్లు చెబుతుంటే ఫరవాలేదు. మౌనంగా వచ్చి మౌనంగా పడుకుంటే అడగాల్సిందే. జీతం 'రేపు, ఎల్లుండి' అని వాయిదా పడుతున్నా, తిట్లు, చెయ్యి చేసుకోవడం ఉన్నా, కొత్తగా గుట్కా వాసన వస్తున్నా అక్కడితో ఆపేయాలి. ఎవరో అవమానిస్తే భరించడం అలవాటైతే దాన్ని ఓర్పు అనుకుంటాం గానీ, అది ఆత్మవిశ్వాసానికి సరిగ్గా వ్యతిరేకం.

అన్నిటికన్నా పెద్ద పరీక్ష జూన్ మొదటి వారంలో వస్తుంది. పని బాగా చేసిన పిల్లవాడినే సేఠ్ ఉండిపొమ్మంటాడు. 'చదివి ఏం చేస్తావు? జీతం పెంచుతా' అంటాడు. అప్పులున్న ఇంట్లో ఆ మాట తియ్యగా వినిపిస్తుంది. పదో తరగతి ఫలితం అటూ ఇటూ అయితే మరీను. సాంచా దగ్గరికి ఒక తరం తర్వాత ఇంకో తరం వెళ్లింది చాలాసార్లు ఇలాగే. ఎవరూ బలవంతం చేయలేదు, ఒక వేసవి పని ముగియలేదు, అంతే.

అందుకే పని మొదలుపెట్టిన రోజే ముగింపు తేదీ చెప్పాలి. సేఠ్‌కూ చెప్పాలి, పిల్లవాడికీ చెప్పాలి. బడి అడ్మిషన్, పుస్తకాల డబ్బు ముందే పక్కన పెట్టాలి. పనిలో చూపిన చురుకు చదువులోనూ పనికొస్తుందని ఇంట్లో ఎవరో ఒకరు గుర్తు చేయాలి. మూడు భాషల్లో బేరం చేయగలిగినవాడికి, లెక్క తప్పకుండా స్టాకు రాయగలిగినవాడికి కామర్స్ పాఠం కొత్తది కాదు. వాడికి అది ఇప్పటికే తెలిసిన పనికి పేరు పెట్టడం మాత్రమే.

మే నెలలో ఉధ్నా ఇళ్లలో జరిగే ఆ వాదనకు వస్తే, తండ్రి, తల్లి, నానమ్మలలో ఎవరూ ఓడిపోవాల్సిన పని లేదు. 35 రోజుల్లో ఇరవై రోజులు పనికి, పది రోజులు ఊరికి చోటుంది. తల్లి భయానికి జవాబు మాత్రం బడి తెరిచిన రోజున దొరకాలి. ఆ రోజు ఉదయం పిల్లవాడు మార్కెట్ వైపు వెళ్లే బస్సు ఎక్కుతున్నాడా, బడి వైపు నడుస్తున్నాడా అన్నదే ఆ వేసవి ఎలా గడిచిందో చెప్పే లెక్క.